అల్లుడుగారి ముక్కు

టేపక్కను ఆ పేరుతో పిలవని వాళ్లు ఆ వీధిలో లేరు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లూ లేరు. కూరగాయల కొట్టుకు వెళ్లినా టేపే, డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నా టేపే. చెల్లెలి పెళ్లిలో ఫొటోలు తీసేవాడు కెమెరా దించేసి, "అక్కా, మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ టేపు తీసేయండి" అని బతిమాలుకున్నాడు. తీసింది పాపం. ఫొటోలో చెయ్యి మాత్రం మెడ దగ్గర తడుముకుంటూనే ఉంది.

పని ఏమిటంటే స్కూలు యూనిఫాంల కటింగు, కాజాలు, గుండీలు. బజారులో బట్టల షాపాయన తానులు పంపుతాడు, ఈమె ఇంట్లోనే కత్తిరించి పంపుతుంది. గుడ్డ మీద సుద్దతో గీత గీసిందంటే ఇక దానికి తిరుగులేదు. మనుషుల దగ్గర మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి తరఫున మాట్లాడే పనంతా పిన్నిది.

పిన్ని అంటే తల్లికి చెల్లెలు. తల్లి పోయాక ఈ అక్కచెల్లెళ్లిద్దరినీ పెంచింది ఆవిడే. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం చేస్తూ, పెళ్లీ గిళ్లీ మానుకుని, వీళ్లకు జడలు వేసి, లెక్కలు చెప్పి, జ్వరాలకు మేలుకుని పెద్ద చేసింది. ఇప్పుడు తుంటి ఎముక అరిగిపోయి, మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి. నోరు మాత్రం ఎక్కడా అరగలేదు. చిన్నది పెళ్లి చేసుకుని ఊరికి ఆ చివర కాపురం పెట్టింది. పెద్దది ఉండిపోయింది. ఉండమని ఎవరూ అనలేదు, వెళ్లమనీ ఎవరూ అనలేదు. అలా ఉండిపోవడంలోనే నలభై దాటేశాయి.

చిన్నదానికి నోరూ ఎక్కువే, దయా ఎక్కువే. ఒక ఆదివారం పంజరం పట్టుకుని దిగింది. అందులో ఒక ఆకుపచ్చ పిట్ట, ఒక నీలం పిట్ట. షాపుల్లో అందరూ లవ్ బర్డ్స్ అంటారు గానీ అసలు పేరు బడ్జీలట. "పిన్నికి పొద్దు పోతుంది, ఎంతసేపని గోడ చూస్తూ కూర్చుంటుంది?" అంది. జంట అని ఎలా తెలుసంటే, ముక్కు మొదట్లో మెత్తటి పట్టీ ఉంటుందట, మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమరంగుగా. పచ్చదానికి గోధుమ పట్టీ. నీలంపిట్ట ఇంకా పసిది, దాని పట్టీ లేత నీలం, ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లటి అంచు. "నీలమే కదా, మగదే" అని పిట్టల షాపువాడు తేల్చేశాడు. పిన్ని ఆ సాయంత్రమే పచ్చదానికి అమ్మాయి అనీ, నీలందానికి అల్లుడుగారు అనీ పేర్లు పెట్టేసింది. అల్లుడుగారు బాగా తింటాడు, కొర్రల గిన్నెలోంచి తల ఎత్తడు. ఈ ఇంటికి ఎట్టకేలకు ఒక అల్లుడు కుదిరాడని చిన్నది నవ్వింది. దాని మొగుడు మాత్రం ఈ నవ్వులకు దూరంగా మెట్ల మీదే నిలబడ్డాడు. ఆయనకు ఉబ్బసం, పిట్టల ఈకల గాలి తగిలితే చాలు ఊపిరాడదు.

పిట్టలొచ్చి ఆర్నెల్లు దాటాక బట్టల షాపాయన కబురు పెట్టాడు. పొరుగూళ్లో కొత్త షాపు తెరుస్తున్నాడట. "నిన్ను కటింగ్ మాస్టరుగా పెట్టుకుంటానమ్మా. నీ కింద నలుగురు పనివాళ్లుంటారు. షాపు పైన గది ఉంది, కిటికీ రోడ్డు మీదికే. తాళంచెవి నీదే" అన్నాడు. టేపక్క ఇంటికొస్తూ దారంతా ఆ తాళంచెవి గురించే ఆలోచించింది. బయటి నుంచి తాళం వేసి, చెవి తన జేబులో వేసుకుని పోగల తలుపు ఆమె జీవితంలో ఒక్కటీ లేదు. ఆ సంతోషానికి కాళ్లు నేల మీద ఆనలేదు, నిజం. వీధి చివరికొచ్చేసరికి భయం మొదలైంది, అదీ నిజమే.

చిన్నది వినగానే ఎగిరి గంతేసింది. "పిన్నిని నేను తీసుకెళ్తానే. గది ఖాళీ చేయిస్తా, రంగు కూడా వేయిస్తా. నువ్వు కళ్లు మూసుకుని వెళ్లు" అంది. పిన్ని కూడా, "వెళ్లకపోతే ఎలా? బంగారంలాంటి అవకాశం" అంది. మర్నాడు పొద్దున్నే మాత్రం, "వీటికి గూడుపెట్టె ఒకటి తగిలించాలే. అమ్మాయి ఎంతసేపూ మూల వెతుక్కుంటోంది" అంది. టేపక్క మధ్యాహ్నం లోపలే వెళ్లి చెక్కపెట్టె కొనుక్కొచ్చి, అడుగున రంపపు పొట్టు పోసి, తనే స్క్రూలు బిగించింది. అంత తొందరగా ఆమె ఎప్పుడూ ఏ పనీ చేయలేదు.

కొద్ది రోజుల్లోనే గుడ్డు పడింది. తర్వాత రోజు విడిచి రోజు ఒక్కొక్కటి. పిన్ని ఆనందానికి హద్దు లేదు. అప్పుడే తీర్మానం చేసేసింది: గుడ్ల మీదున్నదాన్ని కదిలించడం మహాపాపం, ఉబ్బసం మనిషున్న చిన్నదాని ఇంటికి పిట్టల్ని తీసుకెళ్లడం కుదరనే కుదరదు, పిల్లలై రెక్కలొచ్చాక అన్నిటినీ షాపువాడికి ఇచ్చేసి అప్పుడు బయల్దేరదాం. బట్టల షాపాయన మంచివాడు, "సరేలేమ్మా, ఆగుతాను" అన్నాడు.

అక్కడి నుంచీ ఆ ఇంట్లో మనుషులు బతకడం మానేశారంటే నమ్మండి. పంజరం వేలాడేది వెనక గదిలో. ఆ గదే టేపక్క పని గది. ఒక్కటే కిటికీ, తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. అక్కడే మిషను, అక్కడే కటింగు బల్ల, అక్కడే తానులు. "మిషను తొక్కకు, అమ్మాయి బెదురుతుంది." "కత్తెర చప్పుడు చేయకు." "తలుపు అలా తోస్తావేం, గుడ్లు అదిరిపోవూ?" సాయంత్రమైతే కర్టెను వేసేయాలి, లైటు వేయకూడదు. కాజాలు వంటింటి గట్టు మీద చేత్తో కుట్టుకోవాల్సి వచ్చింది. తన సుద్దముక్క తాను తెచ్చుకోవడానికి టేపక్క పిన్నిని అడిగి, చెప్పులు విప్పి, మునివేళ్ల మీద నడిచి వెళ్లేది. పక్కింటావిడ తలుపు కొడితే ఇద్దరూ ఒకేసారి నోటి మీద వేలు పెట్టుకుని లేచేవాళ్లు. ఇంట్లో బాలింత ఉందనుకుని ఆవిడ ఒకరోజు, "ఎవరికి పురుడు?" అని గుసగుసగా అడిగింది.

పొదిగే గడువు దాటింది. గుడ్లు గుడ్లలాగే ఉన్నాయి. వాసన కూడా మొదలైంది. "మొదటి కాన్పు ఇలాగే అవుతుంది, దానికేం తెలుసు పసిది!" అని పిన్ని పాత గుడ్లు తీయించేసింది. వారం తిరగకముందే మళ్లీ గుడ్లు. బట్టల షాపాయన ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. "ఏమ్మా, ఇంకా గుడ్లేనా?" అనేవాడు. షాపులో పనివాళ్లందరికీ ఈ గుడ్ల సంగతి తెలిసిపోయిందట, పందేలు కాస్తున్నారట. టేపక్కకు సిగ్గుతో చెవులు కాలిపోయేవి. చివరికి ఆయన కూడా విసిగాడు. "వచ్చే ఆదివారం చేస్తానమ్మా. అప్పటికీ తేలకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను. ఏమీ అనుకోకు, స్కూళ్లు తెరిచే సమయం నెత్తి మీదికొచ్చింది" అన్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున టేపక్క పంజరంలో నీళ్లు మారుస్తోంది. అల్లుడుగారు పెట్టె కన్నంలోంచి తల బయటపెట్టి చూశాడు. తెల్లవారి వెలుతురు నేరుగా ముఖం మీద పడింది. ముక్కు పట్టీ మీద నీలం లేదు. ముదురు గోధుమరంగు. పొలుసులు కట్టి, గరుకుగా, అచ్చం అమ్మాయి ముక్కులాగే. టేపక్క నీళ్లగిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆడవాటికి పసితనంలో లేత నీలమే ఉంటుందనీ, గుడ్లు పెట్టే ఈడుకు గోధుమరంగు తిరుగుతుందనీ ఎవరూ చెప్పకపోయినా అర్థమైపోయింది. పెట్టెలో గుడ్లు ఒక్క పిట్ట పెట్టగలిగినన్ని కావు, అంతకు రెట్టింపు. ఆ మాటకొస్తే అదీ ముందే అనుమానించాల్సింది. ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని, ఎన్నటికీ ప్రాణం రాని గుడ్లను కాపలా కాస్తున్నారు.

అప్పుడు ఒక్క కేక పెట్టి ఉంటే సరిపోయేది. "పిన్నీ, ఇది ఆడది, గుడ్లు పారేద్దాం, నేను వెళ్తున్నాను" అంటే ఆ రోజుతో తేలిపోయేది. మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అంటే నిజంగానే వెళ్లాలి. ఆ నలుగురు పనివాళ్లతో తను మాట్లాడాలి, తప్పు చేస్తే తిట్టాలి. ఆ పై గదిలో ఒక్కతే పడుకోవాలి. ఈ ఇరుకు గది, ఈ గోడ, ఈ గొణుగుడు అన్నీ పీక పిసుకుతున్నాయి, అయినా వీటి మధ్య ఎలా బతకాలో తనకు తెలుసు. టేపక్క గిన్నె లోపల పెట్టి, కర్టెను సరిచేసి, "పడుకోండి, పడుకోండి" అని వాటికే చెప్పి బయటికొచ్చేసింది. రోజంతా తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక చొక్కాకు గుండీ వైపు కూడా కాజా కోసేసింది, అలాంటి పొరపాటు ఆమె చేతిలో ఎప్పుడూ జరగలేదు.

ఆదివారం చిన్నది వచ్చింది. వస్తూనే చెప్పులు అటొకటి ఇటొకటి విసిరి, "ఏవీ, మా అల్లుడుగారి సంతానం ఏదీ?" అంటూ పిన్ని వద్దు వద్దంటున్నా వెనక గదిలోకి దూరి పెట్టె మూత ఎత్తేసింది. ఫోను లైటు వేసి లోపలికి చూసింది. తర్వాత పిట్టల వైపు చూసింది. మళ్లీ లోపలికి చూసింది.

"అక్కా! ఇన్ని గుడ్లేంటే బాబూ? కోళ్లఫారమా ఇది? ఒరి నాయనో, ముక్కులు చూడండే! రెండూ ఆడవే! మనల్ని నిలువునా ముంచాడు ఆ పిట్టల షాపువాడు!"

ఎవరూ ఆశ్చర్యపోలేదు. టేపక్క నేల చూపులు చూస్తూ టేపు చుట్టుకుంటోంది. పిన్ని కుర్చీలో కూర్చుని చీర అంచు సవరించుకుంటోంది. చిన్నది ఈ ముఖం నుంచి ఆ ముఖానికి చూపు తిప్పింది. దాని గొంతు తగ్గిపోయింది.

"మీకు తెలుసా?"

"నాకు మొదటిసారి గుడ్లప్పుడే తెలుసే" అంది పిన్ని. "రోజంతా ఆ పెట్టె కన్నానికి ఎదురుగానే కూర్చుంటాను. అల్లుడుగారు గుడ్డు పెడుతుంటే నా కళ్లతో చూశాను."

టేపక్క చప్పున తలెత్తింది. "మరి నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే వెళ్లిపోతావని." పిన్ని దాచుకోలేదు. "చిన్నదాని ఇంట్లో నేనెవరిని? అక్కడ టీ కావాలని కూడా అడిగి తాగాలి. నువ్వైతే నేను అడక్కముందే తెస్తావు. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్నాను. తప్పే. మరి నువ్వెందుకు చెప్పలేదు? నువ్వూ చూశావుగా. నీళ్లు మార్చిన రోజు నుంచీ నా మొహం చూడటం మానేశావు."

చిన్నదానికి ఒళ్లు మండిపోయింది. "మీ ఇద్దరికీ దండం పెడతాను! అక్కడ నేను గది ఖాళీ చేయించి, మా ఆయన చేత రంగు వేయించి, ఆ రంగు వాసనకి ఆయన రెండు రోజులు ఆయాసపడి... ఇక్కడ మీరిద్దరూ కుళ్లిపోయిన గుడ్లకి కాపలా కాస్తారా?" అని అరుస్తూనే ఏడ్చేసింది.

ఆ అరుపుల మధ్య ఫోను మోగింది. బట్టల షాపాయన. టేపక్క ఫోను వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు. మోగుతూనే ఉంది. పిన్ని చెయ్యి చాపింది. "ఇటివ్వు" అంది. ఆ గొంతులో పాత ఎక్స్‌ఛేంజి ఉద్యోగం తిరిగొచ్చింది. చిన్నది ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఆ, చెప్పండి బాబూ. మాస్టరమ్మ వాళ్ల పిన్నిని. ఆ... అయ్యాయండీ. పిల్లలు బయటికొచ్చేశాయి. చక్కగా ఉన్నాయి. ఇంక ఇక్కడ పనేం లేదు. మంగళవారమా? పొద్దున్నే బస్సెక్కిస్తాం. కత్తెర తనదే తెచ్చుకుంటుంది, పరాయి కత్తెర పట్టదు. ఉంటాను."

ఫోను పెట్టేసి, ఆయాసం తీర్చుకుని, "ఆ పెట్టె విప్పెయ్యండి. పిచ్చి మొహాలు, లేవకుండా కూర్చుని చిక్కిపోయాయి" అంది. కళ్లు మాత్రం కిటికీ అవతల గోడ వైపు తిప్పుకుంది. చిన్నది ముక్కు తుడుచుకుని, బల్ల ఎక్కి, అలమారా మీది సూట్‌కేసు దించడం మొదలుపెట్టింది. దాని మీది దుమ్ము తానుల మీద పడుతున్నా ఎవరూ ఏమీ అనలేదు.

టేపక్క వచ్చి పిన్ని కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"పిన్నీ, ఇంకొక్క వారం ఆగమని చెప్పవా?"

పిన్ని ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"పిల్లలయ్యాయని చెప్పేశానుగదే తల్లీ. ఇంకేం చెప్పి ఆపను?"