రాధాబాయి కిరాయి గది

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో పుట్టి, పెరిగి, పెళ్లయ్యాక కూడా రెండు గల్లీలు దాటని మనిషి రాధాబాయి. ఇంట్లో మరాఠీ, బజారులో ఉర్దూ, ఎదురింటి వాళ్లమైన మాతో తెలుగు. తిట్టాలంటే మాత్రం మూడూ కలిపేది. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు నాందేడ్‌లో ఉన్న ఆమె అన్న ఇంట్లోంచి కదలకుండానే వేరే రాష్ట్రం మనిషైపోయాడు. "మనవాళ్ల దగ్గరికి వచ్చెయ్" అని ఆయన కబురు పెడితే, "మరి ఇక్కడున్నోళ్లు ఎవరట?" అని ఈమె ఎదురు కబురు పెట్టింది.

భర్త పోయాక ముందు గదిని గుంటూరు నుంచి వచ్చిన సర్కారీ గుమాస్తా వెంకటనారాయణ కుటుంబానికి కిరాయికిచ్చింది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. ఆమె కొడుకు సదాశివ డిగ్రీ చదివి ఉద్యోగం లేక తిరుగుతున్నాడు. ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే కావాలని ఆమె కూడా ఊరేగింపులకు వెళ్లేది. వెళ్లొచ్చి వెంకటనారాయణకు చాయ్ పోసేది.

"మనదంతా ఒకే తెలుగు జాతి కదండీ, విడిపోవడమెందుకు?" అనేవాడతను.

"జాతి ఒకటైతే సర్కారు ఒకటే ఉండాల్నా? మా అన్నది, నాది ఒకటే జాతి. సర్కార్లు రెండు. మేం అన్నాచెల్లెండ్లం కాకుండ పోయినమా?" అనేది ఈమె. చాయ్ అయిపోతే వాదనా అయిపోయేది.

ఆ ఎండాకాలంలో పక్కింటి ప్రహ్లాద్ నలుగురిని వెంటేసుకొని వచ్చాడు. ఆమె చేతి జొన్నరొట్టెలు తిని పెరిగినవాడే.

"పెద్దమ్మా, ఆయనను ఖాళీ చేయించు. బయటోడు."

"మరి నేనేందిరా? నా ఇంట్ల మాట మరాఠీ. నీ భాష మాట్లాడేది ఆయననే గద."

"నువ్వు మనోళ్లల్ల మనిషివి. నిన్నెవరేమంటరు?"

"సర్కారు వేరు కావాలంటే నీ ఎంట నేనూ వస్త. మనుషులను ఎల్లగొడుతనంటే నా గడప తొక్కకు. పో!"

పోయారు. రాధాబాయి గెలిచిందని గల్లీ అంతా మెచ్చుకుంది. రెండు మూడు రోజులకే వెంకటనారాయణ సామాను రిక్షాకెక్కించాడు.

"నేనున్న గదా, నీకేం ఫికర్?" అందామె.

"మీరు ఉండనిస్తే ఉండాల్సిన గతి పట్టిందమ్మా. ఇన్నాళ్లూ మా రాష్ట్రంలో ఉన్నామనుకున్నాం" అన్నాడతను.

నాకు ఆ ఇద్దరి మీదా జాలేసింది, ప్రహ్లాద్ మీద ఒళ్లు మండింది.

గొడవలు సద్దుమణిగాక ప్రహ్లాద్ ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు.

"ముందు గది ఈయనకియ్యి పెద్దమ్మా. మనోడే."

రాధాబాయి ఆ కొత్తమనిషిని చూడనేలేదు.

"ముందు నన్ను ఎన్ని దినాలు మనోళ్లల్ల ఉంచుతవో చెప్పు బిడ్డా" అంది.

వచ్చినతను చెప్పులేసుకున్నాడు.