తడి గొట్టం, పొడి గొట్టం

మా వదినకు పొగరని ల్యాబులో అందరూ అంటారు. ఉంది, ఎందుకుండకూడదు? రాళ్లను నొక్కే, రెండు నిలువుల ఎత్తున్న ప్రెస్సును పంతొమ్మిదేళ్లుగా నడుపుతోంది. అంతకుముందు వాచీలు బాగుచేసేది. బియ్యపుగింజంత ప్లాటినం గొట్టంలో కర్బనమున్న తెల్లటి మాగ్నసైట్ రాతిపొడి నింపి, మూతి అతికి, భూమిలో ఏడువందల కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడిని, వేడిని దాని మీద పెడుతుంది. సముద్రపు అడుగునున్న రాతిపలకలు కిందికి దిగేటప్పుడు తమతో మోసుకెళ్ళే కర్బనం అక్కడ కరిగి తిరిగొస్తుందా, రాయిలోనే ఉండిపోతుందా? అదీ ప్రశ్న. నేను ఆమె ఆడపడుచును, పక్కగదిలో ఆ గొట్టాలను అరగదీసి పాలిష్ పెడతాను.

వదిన పదిరోజులు సెలవు పెట్టింది. ఆ పదిరోజుల్లో డైరెక్టరుగారి శిష్యుడు రెండుసార్లు ప్రయోగం చేశాడు. రెండుసార్లూ పొడి కరిగింది. డైరెక్టరు సంబరపడిపోయి పేపరు రాయడం కూడా మొదలుపెట్టేశాడు. వదిన తిరిగొచ్చి చేస్తే కరగలేదు. అంతే, డైరెక్టరు లాగ్‌బుక్కులో "ఆపరేటరు తప్పిదం, వేడి సరిగా ఎక్కలేదు" అని రాసి, ఆమెను సంతకం పెట్టమన్నాడు. పెడితే ప్రెస్సు ఇంకొకరికి పోతుంది.

"పెట్టను సార్."

"రెండుసార్లు కరిగింది. నీ చేతిలోనే కరగలేదంటే ఏమనుకోవాలమ్మా?"

"ఆ రెండుసార్లూ పొడిని ఎంతసేపు ఆరబెట్టారో అడగండి."

పక్కనే ఉన్న శిష్యుడు నసిగాడు. "ఓవెన్‌లో గంటసేపు..."

"గంటలో నా జుట్టే ఆరదు! ఒక రోజంతా ఉంచాలి. రవ్వంత తడి ఉన్నా చాలు, కరగనిది కరుగుతుంది."

భోజనాల దగ్గర నేనే పిరికిదాన్నయ్యాను. "పోనీ పెట్టేయ్ వదినా. వేరే గదిలో వేస్తారు, ఉద్యోగమైతే ఉంటుంది."

"ప్రెస్సు లేని ఉద్యోగం నాకెందుకు? నోరు మూసుకుని తిను."

మర్నాడు ఆమె డైరెక్టరు ముందు నిలబడింది. ఇంకొక్కసారి చేస్తానంది. ఒకే ప్రెస్సులో, ఒకే వేడిలో, పక్కపక్కనే రెండు గొట్టాలు. ఒకటి ఆమె రోజంతా ఆరబెట్టినది, ఇంకొకటి శిష్యుడు గంటసేపు ఆరబెట్టినది. ఆయన వద్దనలేకపోయాడు.

వేడి ఆపేశాక ఒత్తిడి దించడానికి పద్నాలుగు గంటలు పడుతుంది. ఆయన మూడుసార్లు వచ్చి, "తొందరగా దించు" అన్నాడు. "దించను సార్. గొట్టాలు పగిలితే అదీ నా తప్పే అంటారు," అని స్టూలు మీద నుంచి కదల్లేదు. నాకు లోపల భయం, పైకి గర్వం.

గొట్టాలు నా చేతికొచ్చాయి. అరగదీసి పాలిష్ పెట్టాను. మైక్రోస్కోపు కింద శిష్యుడి గొట్టంలో పొడి అంచులన్నీ కరిగి కారిపోయి ఉన్నాయి. వదిన గొట్టంలో ఒక్క రేణువూ చెక్కు చెదరలేదు. "వదినా!" అని నేను అరిచిన అరుపుకు వరండాలో వాళ్లంతా లోపలికొచ్చారు.

డైరెక్టరు వంగి రెండు గొట్టాలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "సరే, పొరపాటు నాదే. ఆ లైను కొట్టేద్దాం," అన్నాడు.

"కొట్టొద్దు సార్, ఉండనివ్వండి. దాని కిందే ఇవాళ్టిది రాయండి," అంది వదిన. పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది.

"సంతకం మీరు పెట్టండి."