కొండకి సరిపడా బరువు

మా ఆన్సెల్మ్ మామయ్య రోజూ పొద్దున్నే కాఫీ కప్పును ముందు తక్కెడలో పెడతాడు, తర్వాతే తాగుతాడు. తూచని వస్తువుతో ఆయనకి పొత్తు కుదరదు. తన మీసం బరువెంతో కూడా చెప్పగలడు. గొరిగించుకుని మరీ తూచాడు.

ఇదంతా తన మూడు చక్రాల బండి కోసం. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఇంజను తోలు పట్టీతో తిప్పేది ఆ వెనకదాన్నొక్కదాన్నే. బరువు మూడువందల యాభై కిలోలు దాటితే సర్కారు దాన్ని చిన్నబండిగా ఒప్పుకోదు, పన్ను పెంచేస్తుంది. మామయ్య భయమంతా అదేనని కత్తులు చేసే మా తియేర్ ఊరంతా నవ్వేది. ఆయన అడుగురేకుకు చిల్లులు పొడిచాడు. వెనకున్న స్పేర్ చక్రం, పనిముట్ల పెట్టె ఊడదీశాడు. హారన్ కూడా పీకేసి, మలుపుల్లో తనే "పోం! పోం!" అని అరిచేవాడు.

ప్రతి ఆదివారం పక్కింటి మదాం క్లోటిల్డ్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొండమీది ఆసుపత్రికి బయల్దేరేవాడు. ఆవిడ భర్త ఒగుస్త్ నలభై ఏళ్లు కత్తులు సానపట్టి, ఆ రాతిపొడి ఊపిరితిత్తుల నిండా నింపుకుని అక్కడ మంచం పట్టాడు. ఆవిడ మోకాళ్లు కొండెక్కలేవు. బండి కూడా కొండెక్కలేకపోయేది. సగంలో ఆగిపోయేది. వెనక్కి నడిపే గేరు లేదు కాబట్టి ఇద్దరూ చేతుల్తో తోసి తిప్పుకుని దిగొచ్చేవారు. అలా ఏడు ఆదివారాలు.

"ఏం ఆన్సెల్మ్, వచ్చేవారం ఏం పీకుతున్నావ్? చక్రమా?" సానపట్టేవాళ్లు కిటికీల్లోంచి అరిచేవారు.

"స్పానర్లు బరువెక్కువయ్యాయిరా!" అని మామయ్య తిరిగి అరిచేవాడు.

ఒకరోజు తూకం నేనే చూశాను. "మామయ్యా, రెండొందల డెబ్బయ్యే ఉంది. చట్టానికి ఇంకా ఎనభై మిగిలింది కదా?"

"చట్టం కోసం కాదు పిల్లా, కొండ కోసం." గొంతు తగ్గించాడు. "ఆవిడతో అనకు. తన బరువు వల్లేనని తెలిస్తే తిండి మానేస్తుంది. ఇనుముకి ఆకలుండదు."

ఎనిమిదో ఆదివారం నేనూ బండి వెనకే నడిచాను. వాన పడింది. బండి సగం కొండ దాకా బాగానే ఎక్కింది కానీ, అక్కడి తడిరాళ్ల మీద వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరగసాగింది. వెనక అదిమి పట్టే బరువేదీ మిగల్లేదు. మామయ్య దిగి రోడ్డు మీద కూలబడ్డాడు.

"ఇంక పీకడానికేం లేదు మదాం. నా ప్యాంటు తప్ప."

"అది ఉండనివ్వండి." ఆవిడ దిగి, పెట్టె ఊడదీసిన చోట, సరిగ్గా వెనక చక్రం పైన కూర్చుంది. "ఏడు వారాలుగా పాపం స్పానర్లని తిడుతున్నారు. నా బరువు నాకు తెలియదనుకున్నారా ఆన్సెల్మ్ గారూ? పోనివ్వండి."

చక్రం నేలను పట్టుకుంది. వెనకే నడుస్తున్న నాకు పై మలుపులో రెండు గొంతులు వినిపించాయి: "పోం! పోం!"

ఒగుస్త్ ఇంకా ఆ కొండమీది ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇప్పటికీ ఆదివారం పదింటికి మామయ్య ఇంట్లో ఉండడు.