కనిపెట్టుకొని ఉండు

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఇంట్లో ఏ పెద్ద సంగతైనా వాక్యం తీయకుండా తేలేది కాదు. ప్రార్థన చేసి, కళ్లు మూసుకొని, పరిశుద్ధ గ్రంథం తెరిచి వేలు పెట్టాలి. వేలి కింద ఏ మాట ఉంటే అదే దేవుడు చూపిన దారి. చదివేది నేనే. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని, పైగా సంఘంలో ప్రార్థన చేయించే పెద్దమనిషిని.

డెబ్బైల మధ్యలో మా చెల్లికి మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. మూడేళ్లు అక్కడే హాస్టల్లో ఉండాలి. అమ్మకు ఆయాసం, పొయ్యి పొగ పడదు. చెల్లి వెళ్లిపోతే ఫస్ట్ షిఫ్టుకు నాకు రొట్టెలు చేసి డబ్బా కట్టేదెవరు? చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నా బాధంతా ఆ డబ్బాదే.

అమ్మ వాక్యం తీయమంది. వేలు పెట్టి కళ్లు తెరిచాను. ఉన్న చోటు విడిచి బయలుదేరమని దేవుడు ఒక మనిషితో చెప్పిన మాట అది. అంతకన్నా తేటగా ఆయన మాత్రం ఏం చెబుతాడు? నేను గొంతు సవరించుకొని, ఆయన కోసం ఇంట్లోనే కనిపెట్టుకొని ఉండమని రాసి ఉన్నట్టు చదివాను.

"దేవుడే చెప్పినంక ఇగ నేనేమంట బిడ్డా" అంది అమ్మ. చెల్లి పిండి చేతులతో నా వెనకే నిలబడి ఉంది. వెళ్లి రొట్టెలు చేసింది. ఆ సీటు వేరే పిల్లకు పోయింది. రెండేళ్ల తర్వాత చెల్లిని లక్డారం ఊరికి ఇచ్చి పెళ్లి చేశాం.

అమ్మ పోయాక ఆదరణ కూడికకు వచ్చినప్పుడు, చెల్లి గిన్నెలు తోముతూ మామూలుగానే చెప్పింది.

"కనిపెట్టుకోని ఉండుమని చదివినవు గద అన్నా. నేను గప్పుడే కనిపెట్టిన. నీ వేలు ఏడుందో సూసిన."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అమ్మ నీ నోట్లకెల్లే దేవుని మాట వింటుండె. గది తెంపబుద్ధి కాలె. నేనెప్పుడో మాఫ్ చేసిన, నువ్వు పరేషాన్ కాకు."

నిజంగానే ఆమె మనసులో ఏ ముల్లూ లేదు. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయింది నేనే.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు నన్ను వాక్యం చదవమన్నారు. కళ్లజోడు మరిచిపోయి వచ్చానన్నాను. అది జేబులోనే ఉంది.