వెనక సీటు కింది సీసా

ఏడేళ్లపాటు ఒక నిజాన్ని మింగి కూర్చున్నాను. అన్నం తింటున్నప్పుడూ, ఆఫీసులో నలుగురితో నవ్వుతున్నప్పుడూ అది లోపల కదులుతూనే ఉండేది. మీకు నా పేరు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో. అది కూడా పిరికితనమేనా?

నేను తాగుబోతుని. కానీ చెప్పవలసింది అది కాదు.

అప్పట్లో మదీనాగూడలో ఉండేవాణ్ని. పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్ వచ్చేది. డ్రైవర్ యాదయ్య. నలభై దాటిన మనిషి, సొంతూరు నానక్‌రామ్‌గూడ. రెండు గుక్కలు పడితే తప్ప నాకు కీబోర్డు మీద వేళ్లు నిలిచేవి కావు. వెనక సీట్లో తల వంచుకుని తాగేవాణ్ని. అతను అద్దంలోంచి చూసేవాడు. ఒకరోజు మాత్రం మెల్లగా అన్నాడు: "నేను గూడ గిట్లనే ఉంటుంటి సార్. బంద్ జేసి ఐదేండ్లాయె. బోరబండల ప్రతి ఐతారం పొద్దుగాల మేం బంద్ జేసినోళ్లం కొందరం కూసుంటం. జర ఒక్కసారి రాండ్రి."

సిగ్గేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. డ్రైవర్ నాకు చెప్పేవాడా అని.

ఆ తర్వాత నెల తిరగలేదు. ఆ రోజు క్యాబ్‌లో నేనొక్కణ్నే. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు బండ్లు ఆపి వెతకడం చూసి, చేతిలో ఉన్న క్వార్టర్ సీసా సీటు కిందికి తోశాను. అది వాళ్లకు దొరికింది. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజర్ వచ్చాడు. యాదయ్య తాగాడో లేదో ఊదించి చూడాలని కూడా ఎవరికీ తోచలేదు. డ్రైవర్ బండిలో సీసా. వాళ్లకు అది చాలు.

యాదయ్య నా వైపు వేలెత్తి చూపలేదు. "సార్‌ను అడుగుండ్రి" అన్నాడు, అంతే. ఆ మాట నాకు వదిలేశాడు.

"నాకు తెలియదండి" అన్నాను.

కార్డు చూపించి లోపలికి వెళ్లిపోయాను. మర్నాడు వేరే డ్రైవర్ వచ్చాడు.

యాదయ్య ఎవరికైనా చెబుతాడేమో అని కొన్నాళ్లు వణికాను. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది, మొదటిదానికన్నా పెద్దది: ఇక నన్ను ఎవరూ ఎప్పటికీ అడగరు, నాకు నేనుగా చెబితే తప్ప ఇది ఇలాగే ఉండిపోతుంది, నేను చెప్పే రకం మనిషిని కాదు.

ఏడాది పైన అయింది, నెత్తురు కక్కుకున్నాను. ఇంకో చుక్క ముట్టుకుంటే బతకవన్నాడు డాక్టరు. బతకాలనుకున్నప్పుడు నాకు తెలిసిన చోటు ఒక్కటే. బోరబండ స్టేషన్‌లో దిగి, అడుగుతూ వెళ్లాను. ట్యూషన్ సెంటర్ పైన ఒక గది. మెట్ల మీద కాళ్లు ఆగిపోయాయి. లోపల యాదయ్య ఉంటే? తలుపు తీశాను. లేడు. ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అందరూ చెప్పుకున్నట్టే నేనూ నా తాగుడు గురించి చెప్పుకున్నాను. మూడోవారం, ఆ గదిని నడిపే పెద్దాయన, రైల్వేలో రిటైరైన మనిషి, మాటల్లో యాదయ్య పేరెత్తాడు. ఎందరినో అక్కడికి చేయిపట్టి తెచ్చింది అతనేనట. బండిలో సీసా దొరికి పని పోయిందట. తాగలేదని ఆ గదిలోనే ఏడ్చాడట. వీళ్లూ నమ్మలేదట. ఆ తర్వాత రాలేదు.

నేను టీ తాగుతూ విన్నాను. ఏమీ అనలేదు. ఎందుకు? ఆ గది ఒక్కటే నన్ను బతికిస్తోంది. నిజం చెబితే అక్కడ నా కుర్చీ ఉంటుందా? ఒక మనిషిని అక్కడినుంచి వెళ్లగొట్టి, అతని చోట్లో కూర్చుని కోలుకుంటున్నానని తెలిసీ, ప్రతి ఆదివారం వెళ్లాను. తలుపు చప్పుడైతే చాలు, అటు తిరిగి చూసేవాణ్ని.

తాగుడు మాని ఏడాది పూర్తయిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. తట్టుకోలేకపోయాను. నిలబడి చెప్పేశాను. పెద్దాయన, "మాకు గాదు, ఆయనకు జెప్పాలె" అని అడ్రసు రాసిచ్చాడు.

వెళ్లడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. నానక్‌రామ్‌గూడలో టవర్ల వెనక సందు. పట్టపగలు. యాదయ్య మంచం మీద ఉన్నాడు. గడపలోనే ఆ వాసన తగిలింది. నాకు తెలియని వాసనా? భార్య కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

మంచం పక్కన నిలబడ్డాను. చెప్పాను. అంతా విన్నాడు.

"నేను తాగలేదని నాకెర్కనే గద సార్. నాకెందుకు జెప్తున్నరు? గామెకు జెప్పుండ్రి."

ఆమె వైపు తిరిగాను. "ఆ సీసా నాదమ్మా. ఆ రోజు ఆయన తాగలేదు."

ఆమె నన్ను చూడలేదు. భర్తనే చూస్తూ, "నువ్వు బిడ్డ మీద ఒట్టు పెట్టినా నేను నమ్మకపోతి," అంది. యాదయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఇగ పోండ్రి సార్," అంది ఆమె.

క్షమించమని అడగలేదు. అడగడానికి నేనెవర్ని? భయమూ పోలేదు. యాదయ్య మళ్లీ మానేస్తాడో లేదో తెలియదు, నేను నిలబడతానో లేదో కూడా తెలియదు. కానీ అతను తాగలేదన్న సంగతి ఏడేళ్లపాటు అతనికీ నాకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు ఆ గదికీ, అతని భార్యకూ తెలుసు.