నెమలికంఠం రంగు జాకెట్టు ఎవరిది?

పెళ్లయిన తొమ్మిదో రోజున ఫొటో ఆల్బం ఇంటికొచ్చింది. చాప మీద అందరూ చుట్టూ చేరి చూస్తున్నారు. పెళ్లికొడుకు రాజుబాబు ఒక ఫొటో మీద వేలు పెట్టి, "మీ బాబాయి కూతురు బలేగుందే! ఈ పిల్లని ముందు సూపించుంటే మన కథ ఇంకోలాగుండును" అన్నాడు. అత్తగారు నవ్వింది. ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్లికూతురు వరహాలక్ష్మి కూడా నవ్వింది. తొమ్మిది రోజుల కోడలు ఇంకేం చేస్తుంది? అదే ఫొటోలో, బాబాయి కూతురు పక్కనే, జుట్టు నిండా తలంబ్రాలతో తనూ ఉంది. తన మీద ఎవరి వేలూ పడలేదు.

ఆ నవ్వునే ఆమె పద్నాలుగేళ్లుగా నవ్వుతోంది.

నర్సీపట్నం బస్టాండు నుంచి చింతపల్లి రోడ్డులో కొంచెం ముందుకెళితే, ఎడమచేతి సందులో 'రాజుబాబు లేడీస్ టైలర్స్' బోర్డు కనిపిస్తుంది. ముందు గది షాపు, వెనక రెండు గదులు కాపురం. మధ్యలో తలుపు లేదు, పూల కర్టెనొకటి వేలాడుతుంది. కర్టెన్ అవతల ఆయన కత్తెరా మిషనూ, ఇవతల ఈమె హుక్కుల బుట్ట. రాజుబాబు కుట్టిన జాకెట్టు భుజం జారదని పేరు. గొలుగొండ నుంచీ కోటవురట్ల నుంచీ కూడా పెళ్లివారు వెతుక్కుంటూ వస్తారు. ఎవరికి కుట్టినా లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదులుతాడు. "రేపొద్దున్న ఒళ్లు సేస్తే ఇప్పుకోవాలి గదండీ" అని నవ్వుతూ చెబుతాడు. ఆ మాటకి ఆడవాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

ఆ జాకెట్లన్నిటికీ హుక్కులు, కాజాలు, మెడ చేతికుట్టు, చీరలకి ఫాల్ వేసేది వరహాలక్ష్మే. అందరికీ ఆమె వరాలు. ఓసారి సర్వేకి వచ్చిన అమ్మాయి "ఆవిడేం చేస్తారండీ?" అని అడిగితే, "ఏటీ లేదమ్మా, ఇంట్లో కాళీయే" అని రాయించాడు రాజుబాబు. వరాలు కర్టెన్ వెనక సూదిలో దారం ఎక్కిస్తూ ఆ మాట విన్నది. 

అసలు బాధ అది కాదు. కస్టమరు గడప దాటగానే కర్టెన్ పక్కకి జరిగేది. "వరాలూ, ఇప్పుడెల్లినావిడ నడుం సూసేవా? ముగ్గురు పిల్లల తల్లంటే నమ్ముతావేటి? నువ్వూ ఉన్నావు!" ఆ చివరి రెండు మాటలూ దారం కొరికి ఉమ్మేసినంత తేలిగ్గా అనేవాడు. ఆమె ముఖం ముడుచుకుంటే, "జోకేనే! అందంగున్నోల్లని అందంగున్నారంటే తప్పేటి? నా పనే అది" అనేవాడు.

ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్లే. ఆ మీద పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా కూర్చుని చేసే పని. ఒళ్లు రాక ఏమవుతుంది? వరాలు ఫొటోలకి నిలబడడం మానేసింది. సాయంత్రం పూట పిల్లలకి పెట్టి, తనకి ఆకలి లేదనడం నేర్చుకుంది. ఇంకొకటి కూడా నేర్చుకుంది, వినడం. అవతల టేపు లాగిన చప్పుడు, ఆయన నంబరు చెప్పిన గొంతు, మళ్లీ టేపు, మళ్లీ నంబరు. రెండు నంబర్ల మధ్య కాస్త ఆలస్యమైతే ఇవతల ఆమె సూది ఆగిపోయేది.

ఈ మాఘమాసం పెళ్లిళ్ల ముందు ఆ అనుమానానికి ఒక రంగు వచ్చింది.

కటింగ్ బల్ల కింద ముక్కల సంచి ఉంటుంది. అందులో పడ్డ పేలికల్ని ఏరి వరాలు బొంతలు కుడుతుంది. ఏ ముక్క ఏ జాకెట్టుదో ఆమెకి చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే ఆ షాపు నుంచి ఆమె చెయ్యి తగలకుండా ఏ జాకెట్టూ బయటికి పోదు. ఒకరోజు సంచి బోర్లిస్తే నెమలికంఠం రంగు పట్టుముక్కలు నాలుగు రాలాయి. ఆ రంగు జాకెట్టు తన బుట్టలోకి రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆర్డర్ల పుస్తకం తెరిచింది. ప్రతి ఆర్డరు పక్కనా ఆ గుడ్డ ముక్క గుచ్చి ఉంటుంది. నెమలికంఠం ఎక్కడా లేదు. మిషను మీద దారపు రీలు మాత్రం ఆ రంగుదే.

ఎవరిది? పేరు రాయకుండా, తన చేత హుక్కులు కుట్టించకుండా ఎవరికి కుట్టాడు?

అప్పుడు గుర్తొచ్చింది. దీపావళికి ముందు, కాన్వెంటులో చెప్పే సాయిలక్ష్మి టీచరు వచ్చి వెళ్లాక, కర్టెన్ జరిపి ఆయన అన్న మాట: "నెమలికంఠం రంగు ఆవిడకి తప్ప నర్సీపట్నంలో ఇంకెవులికీ నప్పదే."

ఆ జాకెట్టు ఎవరిదో తేలాలి. తాననుకున్నదే నిజమైతే, పిల్లల్ని తీసుకుని రావికమతం బస్సెక్కి పుట్టింటికి వెళ్లిపోవడమే. అటకమీది బ్యాగు కిందికి దించి, దులిపి, మంచం కిందకి తోసింది.

హుక్కులు లేకుండా జాకెట్టు జాకెట్టు కాదు. తాను కుట్టకపోతే ఇంకెవరో కుట్టి ఉండాలి. వెనక వీధిలో గున్నమ్మ ఉంది. సీజన్లో పని ఎక్కువైతే ఆవిడకీ కొన్ని పంపిస్తుంటారు. వరాలు వెళ్లి, అరుగు మీద కూర్చుని, అదీ ఇదీ మాట్లాడి, చివరికి ఆ రంగు పేరు ఎత్తింది.

"ఒలే, నీకు తెల్దేటే?" అని గున్నమ్మ కళ్లజోడు తీసింది. "మీ ఆయనే తెచ్చినాడు. 'అత్తా, బేగి కుట్టీ, వరాలుకి సెప్పకు' అన్నాడు. ఆ మాటకే నాకు మనసులో ఏదోలాగయిపోనాది."

"ఎవులిదత్తా?"

"నానెరగను. సన్నటి మనిసిదే. చాతీ ముప్పై రెండు మించదు."

సాయిలక్ష్మి టీచరు సన్నగా ఉంటుంది.

ఆ సాయంత్రం టీచరు జాకెట్టు ఒకటి తయారైంది. ఎప్పుడూ ఆవిడే ఎవరినో పంపి తెప్పించుకుంటుంది. ఈసారి వరాలు తానే పట్టుకెళ్లింది. గేటు తీస్తూనే దండెం మీద బట్టలన్నీ కళ్లతో వెతికింది. ఆ రంగు లేదు.

"మీరొచ్చారేంటక్కా? కబురు పెడితే ఎవరినైనా పంపేదాన్ని కదా" అని టీచరు కుర్చీ వేసింది.

"నెమలికంఠం చీరుందాండీ మీకు?" వరాలుకి మాట చుట్టుతిప్పడం చేతకాలేదు.

టీచరు జాకెట్టు అందుకుంది. "లేదక్కా. ఆ రంగు నాకు బాగుంటుందని మీవారు ఒకసారి అన్నారు. పక్కన ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా ఉన్నారు. ఆ రోజు నుంచి చీరల షాపులో ఆ రంగు చీర కనబడితే చేత్తో పక్కకి తోసేస్తున్నాను." గొంతు తగ్గించింది. "ఆది జాకెట్టు పంపించేసి ఊరుకుంటున్నాను చూడండి, ఎందుకనుకున్నారు? కొలతలివ్వడానికి వస్తే ఆ మాటలు వినాలి. చెయ్యి హద్దు దాటిందని అనను, అబద్ధం. నోరే. మీరు కర్టెన్ వెనకే ఉంటారు కదా, మీకు వినబడుతుందేమో, మీరేమైనా అంటారేమో అని చూసేదాన్ని."

వరాలు తలొంచుకుంది. నమ్మింది. సందు మలుపు తిరిగేసరికి సగం నమ్మకం పోయింది. ఇంత నెమ్మదిగా, ఇంత సూటిగా చెప్పిందంటే ముందే అనుకుని ఉంచుకుందేమో? ఆయన నోటిదురుసుకి తాను నిలదీయాల్సింది ఆయన్ని. వెళ్లి గేటు తట్టింది మాత్రం ఇంకో ఆడమనిషిది. మన ఇళ్లలో అనుమానం నడిచే దారి ఇలాగే ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత వాళ్ల పెళ్లిరోజు. పొద్దున్నే రాజుబాబు కర్టెన్ జరిపి, కవరొకటి ఆమె ఒళ్లో పడేశాడు. "సూడు!"

నెమలికంఠం పట్టు. అంచుకి చిన్న జరీ. చేతులకి కుచ్చులు.

"నీకేనే. నీ సేత హుక్కులు కుట్టిస్తే తెలిసిపోద్దని గున్నమ్మత్తకిచ్చేను. తొడుక్కుని రా."

వరాలుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత పాపిష్టిదాన్ని అనుకుంది. వెనక గదిలోకి వెళ్లి చెయ్యి దూర్చింది. చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. రెండు చేతులూ అతికష్టం మీద దూరాయి గాని, ముందు రెండు వైపులూ జానెడు దూరంలో నిలబడిపోయాయి. లోపల కుట్టు తిరగేసి చూసింది. అందరి జాకెట్లలోనూ వదిలే ఆ రెండంగుళాల మడత ఇందులో లేదు.

"ఎవులి ఆదితో కుట్టేరు?" అని లోపల్నుంచే అడిగింది.

"నీదే! ట్రంకుపెట్టిలో మన పెళ్లిజాకెట్టుంది గదా, అది తీసేను."

"పద్నాలుగేళ్ల కిందటిది కదండీ."

"అవును మరి! అప్పుడెలాగుండేదానివి! ఇది సూసుకుని సన్నబడు. మూన్నెల్లు కడుపు కట్టుకుంటే దిగిపోద్ది. అందుకే మడత కూడా వదల్లేదు. ఆ టీచరమ్మని సూడు, ఆవిడకీ నీ వయసే..."

వరాలు ఆ జాకెట్టు తీసేసి, తన పాత నూలు జాకెట్టు తొడుక్కుంది. మంచం కింద బ్యాగు కనిపించింది. దాన్ని తీయలేదు. ఈ ఊళ్లో ఎవరినైనా కళ్లతోనే కొలవగలిగిన మనిషి, పక్కనే ఉన్న తనని పద్నాలుగేళ్లలో ఒక్కసారీ కొలవలేదు. ఇది ఇక్కడ తేల్చకుండా రావికమతం వెళితే అక్కడ ఏమని చెప్పాలి?

కర్టెన్ పక్కకి లాగి, కస్టమర్లుండగా మొదటిసారి షాపులోకి వచ్చి నిలబడింది. బెంచీ మీద గొలుగొండ నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. గున్నమ్మ కుట్టిన జాకెట్ల మూట దించుతోంది.

"టేపు తియ్యండి" అంది వరాలు. "నన్ను కొలవండి."

"ఇప్పుడేటే? జనముంటే..."

"జనంలోనే గదా అందర్నీ కొలుస్తారు. జనంలోనే గదా మాటలంటారు. కొలవండి. నంబరు పైకి సెప్పండి. నంబరు తరవాత ఇంకో మాట రాకూడదు."

రాజుబాబు నవ్వబోయాడు. తోడు నవ్వేవాళ్లు ఎవరూ లేకపోయారు. టేపు తీశాడు.

"ముప్పై ఎనిమిది."

"రాయండి. పేరుతో."

ఆర్డర్ల పుస్తకంలో, చివరి గీత కింద, 'వరహాలక్ష్మి' అని రాశాడు. చాతీ, నడుము, చెయ్యి, మెడ. ఆమె సంచిలోంచి ఏరి దాచిన నెమలికంఠం ముక్క ఇచ్చింది. దాన్ని పక్కన గుచ్చాడు.

"ఇంకో మాట. ఈ షాపులో ఎవరి ఒంటి గురించైనా మీ నోట మాటొస్తే, ఆ జాకెట్టుకి నాను హుక్కులు కుట్టను."

"నా దగ్గరికీ తేకు బాబూ" అని గున్నమ్మ మూట ముడి విప్పుతూ అంది. "అలాటి జాకెట్లకి నా కల్లు ఆనవు."

బెంచీ మీద కూతురు కిసుక్కున నవ్వింది. తల్లి ఆమె తొడ మీద చిన్నగా తట్టి, తానూ నవ్వు ఆపుకుంది.

ఆ తర్వాత మూడు జాకెట్లకి రాజుబాబే హుక్కులు కుట్టుకోవాల్సి వచ్చింది, బొటనవేలు పొడుచుకుంటూ. నాలుగోసారి "ఇప్పుడెల్లినావిడ..." అని మొదలెట్టి, కర్టెన్ వైపు చూసి, దారం కొరుక్కున్నాడు. మనిషి మారాడని వరాలు ఎవరికీ చెప్పదు. టేపు చప్పుడుకి ఆమె చెవి ఇప్పటికీ అటే వెళుతుంది. ముక్కల సంచి ఇప్పటికీ బోర్లించి చూస్తుంది. పద్నాలుగేళ్లు పెంచిన అనుమానం ఒక్క కొలతతో పోదు. పోవాలని ఆమెని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. సాయంత్రం పూట మాత్రం పిల్లలతో పాటే పళ్లెం పెట్టుకుంటోంది.

ఇది చదివిన మీకు ఒక పని చెబుతున్నాను. ఆ రోజు ఆల్బం చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా నవ్వకుండా "అదేం మాట రాజూ?" అని ఉంటే, వరాలు ఇన్నేళ్లు కర్టెన్ వెనక చెవులు రిక్కించుకుని కూర్చునేది కాదు. మీ ఇంట్లో, ఆఫీసులో, టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఈ వారంలోనే భార్య వింటుండగా ఇంకో ఆడమనిషి ఒళ్లు పొగుడుతారు. అప్పుడు నవ్వకండి. "అదేం మాట?" అని అక్కడికక్కడే అడగండి. అన్నది మీ అన్నయ్యో, మీ నాన్నో అయినా అడగండి. అన్నది మీరే అయితే, ఈ పూట ఇంటికెళ్లి, మీరన్న మాట ఆవిడకి ఎంత కాలంగా గుర్తుందో అడిగి, చెప్పేదాకా అక్కడే కూర్చోండి.