అంటుకు పైన తుంచిన ఆకు

మైదుకూరు దగ్గర సుబ్బారెడ్డికి మూడేళ్ల మామిడితోట ఉంది. నలభై మొక్కలు. నర్సరీలో బేనీషా, అంటే బంగినపల్లి రకం, అని చెప్పి అమ్మారు. ఆకు నలిపితే ఆ వాసన రావడం లేదని, కాపు చూసేదాకా ఆగకుండా అన్నీ పీకేసి చీనీ (బత్తాయి) పెడతానని ఆయన పట్టుబట్టాడు. గడ్డపార కూడా గట్టు మీద సిద్ధంగా పెట్టాడు. చివరి మాటగా బనగానపల్లెలో అంటుకట్టే హుసేన్ సాయిబుకు ఆకు చూపిద్దామన్నాడు. వాసనతో రకం చెప్పగలరంటే నాకు నమ్మకం లేదు. అందుకే వెంట వెళ్లాను.

పొద్దున ఆరున్నరకు మైదుకూరులో బస్సెక్కాం. ఆళ్లగడ్డలో మారి, కోయిలకుంట్ల మీదుగా బనగానపల్లె చేరేసరికి పదిన్నర. మనిషికి రెండు వందల లోపే అయింది. ఆకులు ప్లాస్టిక్ సంచిలో, కిటికీ పక్కన ఎండలో వచ్చాయి.

సాయిబుకు డెబ్బై దాటాయి. బీడీ పట్టిన వేళ్లతో ఆకు ముట్టుకోడట; బూడిదతో చేతులు కడుక్కుని వచ్చి సంచి విప్పాడు.

"ఏమప్పా రెడ్డీ, ఆకు తెచ్చినావా, చారు కాచుకోని తెచ్చినావా? ఉడికిపోయిండాది."

మామిడాకు లోపల సన్నని జిగురు గొట్టాలుంటాయి. ఆకు తయారుచేసుకునే వాసన నూనెలు వాటిలో నిలవ ఉంటాయి. ఆకును పురుగు కొరికినా, మనం నలిపినా గొట్టాలు తెగి ఆ నూనెలు ఆవిరై గాలిలో కలుస్తాయి. నూనెల పాళ్లు రకానికో తీరుగా ఉంటాయి. ఎండ ముదిరితే కొంత ముందే ఎగిరిపోతుంది.

సాయిబు పెంచే అంట్లలో పేర్లు రాసి ఉన్న మూడు మొక్కల ఆకులు తెంపి, సాయిబును కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే నలిపి ఇచ్చాను. మూడూ సరిగ్గా చెప్పాడు.

తర్వాత సంచి అడుగున వాడిపోని ఆకొకటి వెతికి నలిపాడు. "ఇది బేనీషా కాదు. టెంక మొక్క."

"చూసినావా సార్! ఆ నర్సరీవాడు ముంచినాడు," అన్నాడు సుబ్బారెడ్డి.

"ఆగప్పా. యాడ తుంచినావు?"

"మొదలు దగ్గర, కింద కొమ్మన. పై చిగురు చెడగొట్టేదెందుకులే అని."

సాయిబు నవ్వాడు. "అంటు ముడికి కిందుండేది టెంక మొక్కే కదప్పా! దాని మీదనే మేం బేనీషా కట్టేది. శానా తెలివి నీది. కింద చిగుర్లు మూడేండ్లు పెంచినావా?"

"పచ్చగా ఉండాయని వదిలేసినా మామా," అన్నాడు సుబ్బారెడ్డి, తల దించుకుని.

సాయిబు తన చెట్టు ఆకులు నాలుగు తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. పన్నెండున్నరకు బయలుదేరి అయిదుకు తోటలో ఉన్నాం. ముడి పైన ఆకులున్న ప్రతి మొక్కకూ అక్కడే ఒకటి తుంచి, సాయిబు ఆకు పక్కన నలిపి చూశాం. ముప్పై ఒకటి కలిశాయి. మిగతా తొమ్మిదింటిలో కింద చిగుళ్లు బలిసి, పైన కట్టిన అంటు ఎప్పుడో ఎండిపోయింది. అది నర్సరీవాడి తప్పు కాదు. సుబ్బారెడ్డి కత్తి తెచ్చి ముప్పై ఒక్క మొక్కల కింద చిగుళ్లు కోశాడు. తర్వాత గడ్డపార తీసుకుని తొమ్మిదింటి వైపు నడిచాడు.

ఒక ఆకు విడిగా ఇస్తే రకం చెప్పడం ఇప్పటికీ నాకు రాదు. రెండు పక్కపక్కన నలిపితే తేడా మాత్రం తెలుస్తోంది. ఆ రోజు తోట నిలవడానికి అంతమాత్రం సరిపోయింది.

మీరూ ఆకు పట్టుకుని వెళ్లేటట్టయితే ఎండ రాకముందే, అంటు ముడికి పైనే తుంచండి. తడిగుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ సంచి వద్దు.